అమ్మ మోకాళ్ళతో గ్రేట్ ఓషన్ రోడ్: మూడు రోజులు, రెండు రాత్రులు

మెల్‌బోర్న్‌కి వచ్చిన కొత్తలో నేనూ మా ఆయనా సముద్రం పక్కనే సాగే గ్రేట్ ఓషన్ రోడ్‌ని ఒక్క రోజు టూర్ బస్సులో చూసొచ్చాం. పొద్దున ఏడింటికి ఎక్కితే రాత్రి తొమ్మిదిన్నరకి దించారు. ఆగిన ప్రతి చోటా పావుగంట, ఇరవై నిమిషాలు. ట్వెల్వ్ అపోజిల్స్ అనే సముద్రపు రాతి స్తంభాల దగ్గర మాత్రం ముప్పావుగంట ఇచ్చారు. అందులో సగం బాత్రూమ్ దగ్గర లైన్‌కే పోయింది. ఆ డ్రైవర్ తప్పేమీ లేదు, అన్ని కిలోమీటర్లు ఒక్క రోజులో తిప్పాలంటే అంతకంటే ఎవరూ ఏమీ చేయలేరు. కానీ అంత అందమైన తీరాన్ని అద్దంలోంచి చూసి వచ్చేశామే అన్న బాధ మాత్రం ఉండిపోయింది.

ఈ మార్చిలో అమ్మానాన్న వచ్చారు. నాన్నకి డెబ్భై, ఇప్పటికీ రోజూ గంట నడుస్తారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. చదునుగా ఉంటే ఒక కిలోమీటరు హాయిగా నడుస్తుంది. మెట్లు ఎక్కడం కూడా మెల్లగా ఫరవాలేదు. దిగడమే నరకం. ఈసారి ఆ రోడ్డుని మన కారులో, మన తీరికతో చూపించాలని అనుకున్నాం. మంగళవారం బయల్దేరి గురువారం రాత్రికి తిరిగి వచ్చేలా రెండు రాత్రుల ప్లాన్ వేశాం.

ప్లాన్ అంటే అందరూ ముందు మ్యాప్ తెరిచి కిలోమీటర్లు లెక్కేస్తారు. మేమూ అదే చేశాం. టోర్కీ నుంచి వార్నంబూల్ దగ్గరి అలన్స్‌ఫర్డ్ దాకా ఈ రోడ్డు 243 కిలోమీటర్లు. మన హైవే లెక్కలో అయితే నాలుగు గంటల పని. కానీ ఈ రోడ్డు మీద అలసట డ్రైవింగ్ వల్ల రాదు, దిగి నడిచే చోట వస్తుంది. అందుకని నేనొక నడకల చీటీ తయారుచేశాను. ఆగాలనుకున్న ప్రతి చోటు పక్కన నాలుగు విషయాలు రాశాను: కారు దగ్గర్నుంచి ఎంత దూరం, ఎన్ని మెట్లు, దిగకుండా పైనుంచి చూసే వీలుందా, బాత్రూమ్ ఎక్కడ. ఈ వివరాలు చాలావరకు ఇక్కడి పార్కుల్ని చూసుకునే పార్క్స్ విక్టోరియా వాళ్ళ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. కొండచరియలు విరిగినప్పుడు, దారి బాగుచేస్తున్నప్పుడు కొన్ని చోట్లు మూసేస్తారు, ఆ నోటీసులు కూడా అక్కడే ఉంటాయి. బయల్దేరే ముందు రోజు రాత్రి మరోసారి చూసుకోవాలి. మొత్తం ప్రయాణంలో మాకు అన్నిటికంటే పనికొచ్చింది ఆ ఒక్క కాగితమే.

ఏ వైపు నుంచి వెళ్ళాలన్నది ఇంకో ప్రశ్న. మెల్‌బోర్న్ నుంచి టోర్కీ మీదుగా పడమరకి వెళ్ళడమే మంచిదని నా గట్టి నమ్మకం. ఇక్కడా మనలాగే ఎడమవైపు డ్రైవింగ్ కాబట్టి, అలా వెళ్తే సముద్రం మన ఎడమ పక్కనే ఉంటుంది. వ్యూ పాయింట్ కనిపించగానే సులువుగా పక్కకి తీసి ఆపుకోవచ్చు. ఎదురు దిశలో వస్తే ప్రతిసారీ వచ్చే వాహనాలని దాటి కుడికి తిరగాలి. మలుపుల్లో అది టెన్షన్ పని.

మొదటి రోజు ఏడున్నరకి బయల్దేరి, జీలాంగ్ ఊళ్ళోకి వెళ్ళకుండా రింగ్ రోడ్డు మీదుగా టోర్కీ చేరాం. బెల్స్ బీచ్‌లో సర్ఫింగ్ చేసేవాళ్ళని పైన ప్లాట్‌ఫామ్ నుంచే చూడొచ్చు. ఈస్టర్ సమయంలో ఇక్కడ అంతర్జాతీయ పోటీలు జరుగుతాయి, ఆ రోజుల్లో మాత్రం ఈ దారి పెట్టుకోవద్దు. జనవరి సెలవులు, పొడుగాటి వీకెండ్‌లు కూడా అంతే. ఏరీస్ ఇన్‌లెట్‌లో 1891 నాటి తెల్లటి స్ప్లిట్ పాయింట్ లైట్‌హౌస్ ఉంది. దాని చుట్టూ కొండ అంచున చక్కటి కాలిబాట. గాలి మాత్రం చున్నీని చేతిలోంచి లాక్కునేంత ఉంది. అమ్మకి శాలువా, తలకి కట్టుకునే స్కార్ఫ్ ఇచ్చి మంచి పని చేశాను. ఎండ ఎంత ఉన్నా ఈ తీరంలో గాలి ఆపే కోటు కారులో ఉండాల్సిందే.

ఈస్టర్న్ వ్యూ దగ్గర రోడ్డు మీద అడ్డంగా చెక్క దూలాలతో కట్టిన మెమోరియల్ ఆర్చ్ వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సుమారు 3,000 మంది సైనికులు 1919 నుంచి 1932 వరకు ఈ రోడ్డు వేశారు. చాలావరకు పలుగూ పారలతోనే కొండని తొలిచారు. యుద్ధంలో చనిపోయిన తమ తోటివాళ్ళకి గుర్తుగా వేసిన రోడ్డు ఇది. 1983లో వచ్చిన పెద్ద అడవి మంటల్లో ఆర్చ్ కాలిపోతే మళ్ళీ కట్టారు. నాన్న అక్కడి సైనికుల విగ్రహం దగ్గర చెప్పులు విప్పి నిలబడ్డారు. "రోడ్డునే సమాధిగా కట్టుకున్నారమ్మా వీళ్ళు" అన్నారు. టూర్ బస్సులో వచ్చినప్పుడు నేను ఇక్కడ ఫొటో దిగి ఎక్కేశాను. ఆ విగ్రహం ఉందని కూడా గమనించలేదు. ఒక హెచ్చరిక: ఫొటో కోసం రోడ్డు మధ్యలో నిలబడేవాళ్ళు ఇక్కడ ఎప్పుడూ ఉంటారు. కారు నడిపేవాళ్ళు నెమ్మదిగా రావాలి, దిగినవాళ్ళు రోడ్డు దాటేటప్పుడు చూసుకోవాలి.

లోర్న్‌లో పులిహోర డబ్బా తెరిచి సముద్రం ఎదురుగా పచ్చికలో కూర్చుని తిన్నాం. ఎర్స్‌కిన్ జలపాతం చీటీలో రెండు భాగాలుగా రాసుకున్నాను. కార్ పార్క్ నుంచి నాలుగడుగులు వేస్తే పై నుంచి చూసే చోటు వస్తుంది, అది అమ్మకి. జలపాతం పాదాల దాకా వెళ్ళాలంటే రెండు వందలకు పైగా మెట్లు దిగాలి, అది నాన్నకి, నాకు. పై నుంచి చెట్ల సందుల్లోంచి కొంచెమే కనిపిస్తుంది. వేసవి చివర కాబట్టి నీళ్ళు కూడా సన్నగా ఉన్నాయి. నిజం చెప్పాలంటే మెట్లు దిగలేనివాళ్ళు ఇక్కడికి రానక్కర్లేదు. ఆ సమయం లోర్న్ పైనున్న టెడ్డీస్ లుకౌట్‌లో గడపండి. కారు దిగి రెండు నిమిషాలు నడిస్తే చాలు, కింద రోడ్డు సముద్రం పక్కన మెలికలు తిరుగుతూ పోవడం మొత్తం కనిపిస్తుంది. అమ్మ చూసి, "మన భీమిలి రోడ్డుకి పెద్దక్కలా ఉందే" అంది.

లోర్న్ నుంచి అపోలో బే దాకా 45 కిలోమీటర్లు, ఆగకుండా వెళ్ళినా గంట పడుతుంది. మొత్తం రోడ్డులో నాకు ప్రాణం ఈ ముక్క. ఒక పక్క కొండ, ఇంకో పక్క నేరుగా నీళ్ళు. చాలా చోట్ల 80 వేగం రాసి ఉన్నా, మలుపుల దగ్గర పసుపు బోర్డుల మీద 35, 40 అని ఉంటుంది. వాటిని నమ్మండి. వెనక ఎవరైనా తొందరలో ఉంటే పక్కకి తీసి దారివ్వడానికి ప్రత్యేకంగా జాగాలు వేశారు. సిగ్గుపడకుండా వాడుకోవాలి. వాళ్ళని పంపేశాక మన ప్రయాణం మళ్ళీ మనదవుతుంది. కడుపులో తిప్పేవాళ్ళుంటే ముందు సీట్లో కూర్చోబెట్టండి. అమ్మ ముందుకి మారాక ఒక్కసారి కూడా ఇబ్బంది పడలేదు.

మధ్యలో కెనెట్ రివర్ దగ్గర ఆగితే యూకలిప్టస్ చెట్ల కొమ్మల్లో కోలాలు కనిపిస్తాయి. గ్రే రివర్ రోడ్డు మొదట్లోనే చదునుగా నడుస్తూ తలెత్తి చూడాలి. మాకు ఇరవై నిమిషాల్లో మూడు కనిపించాయి. మూడూ నిద్రలోనే. ఈ రోడ్డు ముందుకి వెళ్తే మట్టి దారి. అద్దె కారైతే కాంట్రాక్టు ఒకసారి చదవండి, మట్టి రోడ్డు మీద జరిగిన డ్యామేజీకి చాలా కంపెనీలు ఇన్సూరెన్స్ ఇవ్వవు. మొదటిసారి మావాళ్ళు వచ్చినప్పుడు మేము అద్దెకి తీసుకున్న కారు ముందు అద్దానికి రాయి తగిలితే, అది కవర్ కాదని తిరిగిచ్చేటప్పుడు చెప్పారు. టైర్లు, అద్దాల సంగతి కౌంటర్ దగ్గరే అడిగి, కాగితం మీద చూపించమనాలి. లైసెన్స్ విషయానికొస్తే, ఇంగ్లీషులో ఉన్న మన లైసెన్స్‌తో టూరిస్టులు ఇక్కడ నడపొచ్చు.

మొదటి రాత్రి అపోలో బే. ఇక్కడ బస గురించి కొంచెం వివరంగా చెప్పాలి. వీకెండ్‌లో చాలా చోట్ల కనీసం రెండు రాత్రులు తీసుకోమంటారు, అందుకే వారం మధ్యలో పెట్టుకున్నాం. మాకు కావలసినవి రెండే: వంట చేసుకునే మూల, మెట్లు లేని గది. బుక్ చేసేటప్పుడు గ్రౌండ్ ఫ్లోర్ అని రాశాను, వాళ్ళూ ఒప్పుకున్నారు. తీరా వెళ్తే గ్రౌండ్ ఫ్లోరే, కానీ కార్ పార్క్ నుంచి గది తలుపు దాకా తొమ్మిది మెట్లు కిందికి. మిగతా గదులు నిండిపోయాయి. అమ్మ నా భుజం పట్టుకుని దిగింది. నాకు చాలా కోపం వచ్చింది, కానీ తప్పు సగం నాది కూడా. "గ్రౌండ్ ఫ్లోర్" అని కాకుండా, "కారు నుంచి మంచం దాకా ఒక్క మెట్టు కూడా ఉండకూడదు" అని ఫోన్ చేసి అడగాల్సింది. బాత్రూమ్‌లో పట్టుకునే కడ్డీ ఉందా అని కూడా అడగండి. మిగతాదంతా బాగుంది: శుభ్రమైన గది, మంచి హీటర్, రెండు పొయ్యిలు, కిటికీలోంచి సముద్రం. రెండు పడకగదులకి 240 డాలర్లు. రైస్ కుక్కర్ వెంట తెచ్చుకోవడంతో రాత్రి వేడి అన్నం, టమాటా పప్పు. ఈ చిన్న ఊళ్ళలో ఎనిమిది దాటితే వంటగదులు కట్టేస్తారు, శాకాహారులకి దొరికేది చిప్స్, మార్గరీటా పిజ్జాలే. పెద్దవాళ్ళతో వచ్చినప్పుడు కిచెన్ ఉన్న గదికి ఇంకో ముప్పై డాలర్లు ఎక్కువైనా పెట్టాల్సిందే.

రెండో రోజు పొద్దున రోడ్డు సముద్రాన్ని వదిలి ఆట్వే అడవిలోకి ఎక్కుతుంది. అపోలో బే నుంచి పావుగంటలో మేట్స్ రెస్ట్. మూడు రోజుల్లో అమ్మ మొత్తం నడిచిన చోటు ఇదే, నాకు బాగా నచ్చిన చోటూ ఇదే. 800 మీటర్ల గుండ్రటి దారి, చాలావరకు చెక్క పలకలు వేసి ఉంటుంది, అక్కడక్కడా కొద్దిపాటి ఎత్తుపల్లాలు. గొడుగులంత ఫెర్న్ చెట్లు, వాటి మీదుగా నాచు పట్టిన పెద్ద పెద్ద మిర్టిల్ బీచ్ చెట్లు. బోర్డు మీద అరగంట అని రాసి ఉంది, మాకు గంట పట్టింది. వానచుక్క ఆకు మీద పడిన చప్పుడు కూడా వినిపించే నిశ్శబ్దం. అమ్మ ఒక మాను మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని నిలబడింది. ఏం అడగలేదు నేను.

కేప్ ఆట్వే లైట్‌హౌస్‌కి మెయిన్ రోడ్డు నుంచి పక్కకి 12 కిలోమీటర్లు వెళ్ళాలి, టికెట్ ఉంటుంది. 1848లో వెలిగించిన దీపం ఇది. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగం మీద మిగిలిన లైట్‌హౌస్‌లలో ఇదే పాతది. నెలల తరబడి ఓడలో వచ్చిన వలసవాళ్ళలో చాలామందికి నేల ఉందని చెప్పిన మొదటి గుర్తు. చరిత్ర ఇష్టమైతే తప్పక వెళ్ళండి. కానీ రాకపోకలు, చూడటం కలిపి రెండున్నర గంటలు పోతుంది, లోపల నడక కూడా ఎక్కువే. రెండు రాత్రుల ప్రయాణంలో దీన్ని వదిలేస్తేనే సాయంత్రం తీరిగ్గా ఉంటుంది. మేము వదిలేశాం. నాన్న కొంచెం చిన్నబుచ్చుకున్నారు.

లేవర్స్ హిల్ దాటి కొండ దిగాక నేల ఒక్కసారిగా చదునైపోతుంది. ముందు వచ్చేది గిబ్సన్ స్టెప్స్. కొండలో తొలిచిన 86 మెట్లు దిగితే ఇసుకలో నిలబడి గాగ్, మేగాగ్ అనే రెండు రాతి స్తంభాలని తలెత్తి చూడొచ్చు. అపోజిల్స్ లెక్కలో ఈ రెండూ రావు, కానీ వాటి పరిమాణం తెలిసేది ఇక్కడే. నాన్న, మా ఆయన దిగారు. అలలు పెద్దగా ఉంటే, రాళ్ళు పడే ప్రమాదం ఉంటే గేటు మూసేస్తారు. తెరిచి ఉన్నా కొండకి ఆనుకుని కూర్చోవద్దు.

ట్వెల్వ్ అపోజిల్స్ విషయంలో నాది ఒకటే మాట: రెండుసార్లు వెళ్ళండి. కార్ పార్క్ నుంచి రోడ్డు కింద సొరంగంలోంచి చదునైన సిమెంటు దారి. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్ళు కూడా కనిపించారు. మధ్యాహ్నం మెల్‌బోర్న్ బస్సులన్నీ ఒక్కసారే దిగుతాయి, అప్పుడు రెయిలింగ్ దొరకదు. సాయంత్రం ఆరు తర్వాత వెళ్తే సగం మంది తగ్గిపోతారు. సూర్యాస్తమయానికి పడమటి వైపు స్తంభాలు నల్లటి నీడల్లా ఉంటాయి, తూర్పున ఉన్న గాగ్, మేగాగ్ మాత్రం బంగారంలా మెరుస్తాయి. పొద్దున వెళ్తే అంతా తిరగబడుతుంది, పడమటి స్తంభాల మీద ఎండ పడి సున్నపురాయి పొరలు గీత గీతగా కనిపిస్తాయి.

పేరుకే పన్నెండు. ఎప్పుడూ పన్నెండు లేవు. తొమ్మిది ఉండేవి, 2005 జూలైలో ఒకటి కూలిపోయి ఎనిమిది మిగిలాయి. అలలు సున్నపురాయి కొండని తొలిస్తే ముందు గుహ అవుతుంది. గుహ రెండు వైపులా తెరుచుకుంటే తోరణం. తోరణం పై భాగం కూలితే స్తంభం. చివరికి అదీ పోతుంది. ఆ చివరి దశలో ఉన్నవే ఈ అపోజిల్స్. చీకటి పడుతుంటే చిన్న పెంగ్విన్‌లు గుంపుగా నీళ్ళలోంచి ఒడ్డుకి నడుస్తాయి. పై నుంచి చుక్కల్లా కనిపిస్తాయి కాబట్టి బైనాక్యులర్ తెచ్చుకోండి.

రెండో రాత్రి పోర్ట్ క్యాంప్‌బెల్‌లో, క్యారవాన్ పార్క్ లోపల ఉన్న ఒక క్యాబిన్‌లో. అపోలో బే గది కంటే చిన్నది, గోడలు పలచన, పక్క క్యాబిన్ మాటలు వినిపించాయి. కానీ కారు తలుపు తీస్తే క్యాబిన్ తలుపు, మధ్యలో ర్యాంప్. ముందే ఫోన్ చేసి అడిగిన ఫలితం. చాలామంది అపోలో బేలోనే రెండు రాత్రులూ ఉండి అపోజిల్స్‌కి వచ్చి పోతారు. అది పొరపాటని నా అభిప్రాయం. వెళ్ళడానికి, రావడానికి దాదాపు మూడు గంటల మలుపుల రోడ్డు. పైగా సూర్యాస్తమయం చూసి చీకట్లో అడవి దారిన వెనక్కి రావాలి. కంగారూలు, వాలబీలు రోడ్డు మీదకి వచ్చేది సరిగ్గా ఆ వేళల్లోనే. పోర్ట్ క్యాంప్‌బెల్ నుంచైతే అపోజిల్స్ 12 కిలోమీటర్లు.

మూడో రోజు పొద్దున ఏడున్నరకి మళ్ళీ అపోజిల్స్. మాతో కలిపి పదిమంది కూడా లేరు. అక్కడ్నుంచి లాక్ ఆర్డ్ గోర్జ్, కొండచరియల మధ్య ఇరుకు సందు. 1878 జూన్ 1న లాక్ ఆర్డ్ అనే ఓడ ఈ రాళ్ళకి కొట్టుకుని మునిగిపోయింది. ఓడలో 54 మంది. బతికింది ఇద్దరే, టామ్ పియర్స్ అనే కుర్రవాడు, ఈవా కార్మైకేల్ అనే అమ్మాయి. టామ్ ఒడ్డుకి చేరాక ఆమె అరుపులు విని మళ్ళీ నీళ్ళలోకి దిగి, ఆమెని ఈ ఇరుకు తీరానికి లాక్కొచ్చాడు. గుహలో పడుకోబెట్టి, కొండెక్కి సాయం తెచ్చాడు. ఈవా తల్లిదండ్రులు, తోబుట్టువులు ఆ రాత్రే పోయారు. కింద బీచ్‌కి మెట్లున్నాయి, దిగలేకపోయినా పై నుంచి ఆ గోర్జ్ పూర్తిగా కనిపిస్తుంది. పైనే చిన్న స్మశానం కూడా ఉంది. దగ్గర్లోని ఒక రాతి తోరణం 2009లో కూలిపోతే, మిగిలిన రెండు స్తంభాలకి టామ్, ఈవా అని పేరు పెట్టారు. అమ్మ ఆ రెండు రాళ్ళనే చాలాసేపు చూసింది. ఇక్కడికి కనీసం గంటన్నర పెట్టుకోండి, టూర్ బస్సు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చిన చోటు ఇది.

తర్వాతవి వరసగా వస్తాయి. లండన్ బ్రిడ్జ్ అనే రాతి తోరణాల దగ్గర నడక తక్కువ. 1990 జనవరిలో దాని ఒక తోరణం కూలిపోయి, అవతల చిక్కుకుపోయిన ఇద్దరిని హెలికాప్టర్‌లో తీసుకొచ్చారు. గ్రోటో అనే రాతి గుహ చూడాలంటే మెట్లు దిగాలి, అమ్మ కారులో ఉండిపోయింది. బే ఆఫ్ ఐలాండ్స్ మాత్రం ఎవరూ వదలొద్దు. కార్ పార్క్ పక్కనే వ్యూ పాయింట్, అపోజిల్స్ లాంటి స్తంభాలే ఇంకా ఎక్కువ, జనం పదో వంతు కూడా లేరు.

చాలామంది ఇక్కడ్నుంచే వెనక్కి తిరుగుతారు. మేము ఇంకో ముప్పావుగంట నడిపి వార్నంబూల్‌లోని ఫ్లాగ్‌స్టాఫ్ హిల్ మ్యూజియంకి వెళ్ళాం. కారణం ఒక నెమలి. లాక్ ఆర్డ్ ఓడలో మెల్‌బోర్న్ ఎగ్జిబిషన్ కోసం ఇంగ్లండ్ నుంచి పంపిన పింగాణీ నెమలి ఒకటి ఉండేది, దాదాపు మీటరున్నర ఎత్తు. ఓడ ముక్కలైంది. యాభై రెండు మంది పోయారు. ఆ నెమలి మాత్రం పెట్టెలో ఒడ్డుకి కొట్టుకొచ్చింది. మ్యూజియంలో చదునుగా నడిచే చోట్లూ ఉన్నాయి, ఎత్తుపల్లాలూ ఉన్నాయి. నెమలి గదికి వెళ్ళడానికి అమ్మకి కష్టం కాలేదు.

వార్నంబూల్ నుంచి కోలాక్ మీదుగా ప్రిన్సెస్ హైవే పట్టుకుంటే మెల్‌బోర్న్‌కి మూడు గంటల పైచిలుకు, మలుపులు లేని రోడ్డు. సముద్రం దారిన వెనక్కి రావాలని ఎంత అనిపించినా రావద్దు, నడిపేవాళ్ళు అలసిపోయి ఉంటారు. వేసవిలో వెళ్ళేవాళ్ళు అడవి మంటల హెచ్చరికల కోసం ఫోన్‌లో విక్‌ఎమర్జెన్సీ యాప్ పెట్టుకోండి. మంటల ప్రమాదం మరీ ఎక్కువున్న రోజుల్లో పార్కులు మూసేస్తారు. అడవిలో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. లోర్న్, అపోలో బే దాటేటప్పుడు ట్యాంక్ నింపుకుంటే మధ్యలో వెతుక్కోనక్కర్లేదు.

దారిలో నాన్న ఆ నడకల చీటీ తీసుకుని, కొట్టేసిన కేప్ ఆట్వే పేరుని పెన్నుతో మళ్ళీ రాశారు. జూన్ నుంచి సెప్టెంబర్ మధ్యలో వార్నంబూల్ లోగన్స్ బీచ్ దగ్గరికి తల్లి తిమింగలాలు పిల్లలతో వస్తాయని, చూడటానికి చెక్క ప్లాట్‌ఫామ్ ఉందని మ్యూజియంలో ఎవరో అమ్మకి చెప్పారట. వాళ్ళ వీసా ఆగస్టు దాకా ఉంది. అమ్మ అడిగింది ఒక్కటే: "ఆ ప్లాట్‌ఫామ్‌కి ఎన్ని మెట్లో చూడవే."